ముప్పై తొమ్మిదేళ్ళకి స్కీ క్లాస్: ఓస్లోలో నాలుగు సాయంత్రాల బిగినర్ కోర్స్ రివ్యూ

ముందే ఒక మాట, ఇది లిఫ్ట్ ఎక్కి కొండ మీంచి సర్రున దిగే స్కీయింగ్ గురించి కాదు. మనవాళ్ళకి స్కీయింగ్ అంటే అదే గుర్తొస్తుంది, హెల్మెట్, పెద్ద గాగుల్స్, రోబోలాంటి బూట్లు. నేను నేర్చుకుంటున్నది క్రాస్ కంట్రీ, నార్వేవాళ్ళు లాంగ్‌రెన్ అంటారు. సన్నటి పొడుగాటి స్కీలు, బూటు ముందు కొస ఒక్కటే స్కీకి బిగుసుకుని ఉంటుంది, మడమ లేస్తూ దిగుతూ ఉంటుంది, చేతుల్లో రెండు కర్రలు, అడవిలో కొంత నడక కొంత జారుడు, అలా కిలోమీటర్లకి కిలోమీటర్లు. చూడ్డానికి పార్కులో మార్నింగ్ వాక్ అంత తేలిగ్గా ఉంటుంది. చూడ్డానికే.

నేను ఓస్లో వచ్చి ఆరేళ్ళు, పుట్టి పెరిగింది అనకాపల్లి, మంచు అంటే ఫ్రీజర్‌లో పేరుకునేది తప్ప వేరే తెలీకుండా ముప్పై మూడేళ్ళు బతికా. మొన్న జనవరిలో పెద్దవాళ్ళ బిగినర్ కోర్స్‌లో చేరా, నాలుగు సాయంత్రాలు, ఒక్కోటి గంటన్నర, 1,900 క్రోనర్లు. నడిపినవాళ్ళ పేరు రాయను, ఎందుకంటే కింద కొన్ని తిట్లున్నాయి, పైగా అదే కోచ్ దగ్గర వచ్చే సీజన్‌లో మళ్ళీ చేరదామని ఉంది. ఈ ఊళ్ళో ఇలాంటి కోర్సులు బోలెడు, 1883 నుంచీ ఉన్న పెద్ద స్కీ సంఘం స్కీఫొరెనింగెన్ దగ్గర్నుంచి చిన్న చిన్న కాలనీ క్లబ్బుల దాకా. నాది ఆ చిన్న బాపతు.

ఎందుకు చేరానంటే మా అమ్మాయి వల్ల. దానికి ఎనిమిదేళ్ళు, ఇక్కడి కిండర్‌గార్టెన్‌లోనే స్కీలు తగిలించి వదిలేశారు, ఎప్పుడు నేర్చుకుందో కూడా మాకు తెలీదు, ఒకరోజు వెళ్ళి చూస్తే పరిగెడుతోంది. నార్వేవాళ్ళు కాళ్ళకి స్కీలతోనే పుడతారని వీళ్ళు తమ గురించి తామే చెప్పుకుంటారు, మా పిల్ల మాత్రం విజయవాడలో మామూలు కాళ్ళతోనే పుట్టింది మరి. స్కూల్లో ఫిబ్రవరిలో స్కీ డే అని ఒకటుంటుంది, పేరెంట్స్ కొంతమంది సాయానికి రావాలి. రెండేళ్ళు థర్మాస్‌లో హాట్ చాక్లెట్ పోసే డ్యూటీ తీసుకుని తప్పించుకున్నా. మూడో ఏడు అదే అడిగేసింది, అమ్మా నువ్వెప్పుడూ టేబుల్ దగ్గరే ఎందుకుంటావ్ అని. మా అమ్మకి ఫోన్‌లో చెప్తే, ఈ వయసులో నీకెందుకే ఆ సర్కసు, నడుం విరిగితే ఎవరు చేస్తారు అంది. నడుం సంగతి తర్వాత చెప్తా.

కోర్స్ కన్నా ముందు సామాన్ల కథ చెప్పాలి, ఎందుకంటే నా డబ్బులు పోయింది అక్కడే, కోర్స్‌లో నేర్చుకున్న అసలు విషయం కూడా దాంతోనే ముడిపడి ఉంది.

కోర్స్ వాళ్ళు మెయిల్‌లో రాశారు, స్కీలు మీవే తెచ్చుకోండి అని. అంతే, ఒక్క లైను. ఏ స్కీలు, ఎంత పొడుగు, ఏ బూట్లు, ఏమీ లేదు. నేనేమో సెకండ్ హ్యాండ్‌లో చూసి ఒకాయన దగ్గర స్కీలు 900 క్రోనర్లకి కొన్నా, బూట్లు ఇంకొకావిడ దగ్గర 500కి కొన్నా, ఇంటికొచ్చి పెడితే బూటు స్కీలో కూర్చోదు. ఎంత తొక్కినా కూర్చోదు. మా ఆయన కింద పడుకుని టార్చ్ వేసి చూసి, నీ బూటు కింద ఒక్కటే వెడల్పు గాడి ఉంది, స్కీ మీద రెండు గట్లున్నాయి అన్నాడు. అప్పుడు తెలిసింది, వీటిలో కూడా ఛార్జర్ పిన్నుల్లాగా రకాలున్నాయని. రెండు గట్లది ఎన్ఎన్ఎన్ అంటారు, న్యూ నార్డిక్ నార్మ్, ఇప్పుడు ఎక్కడ చూసినా ఎక్కువ అదే. ఒక్క గట్టుది పాత ఎస్ఎన్ఎస్. ఒకదాని బూటు ఇంకోదానికి పట్టదు. బూట్లమ్మిన ఆవిడకి మెసేజ్ పెడితే ఒక థంబ్స్అప్ వచ్చింది, అంతే, వెనక్కి తీసుకోలేదు. ఆ బూట్లు ఇంకా మా స్టోర్ రూమ్‌లోనే ఉన్నాయి, ఎవరిదగ్గరన్నా పాత ఎస్ఎన్ఎస్ స్కీలుంటే చెప్పండి, ఫ్రీగా ఇచ్చేస్తా. అన్నట్టు ఈ ఎన్ఎన్ఎన్ చేసే నార్వే కంపెనీ పేరు రొట్టెఫెల్లా, దానర్థం ఎలకల బోను. బూటు అందులో టక్కున పడగానే ఎందుకు పెట్టారో అర్థమవుతుంది, ఆ తర్వాత మనమే ఎలక.

సరే, మళ్ళీ ఎన్ఎన్ఎన్ బూట్లు కొని మొదటి సాయంత్రం వెళ్ళా. మైనస్ ఆరు, చీకటి. ఇక్కడ జనవరిలో సాయంత్రం ఐదింటికల్లా చీకటి పడిపోతుంది, అందుకే అడవి అంచుల్లో లైట్ స్తంభాలు వేసిన ట్రాకులుంటాయి, లీస్‌లొయిపె అంటారు, ఆఫీసయ్యాక జనం అక్కడికే వస్తారు. క్లాస్ అలాంటి చోటే. మంచు మీద మిషన్‌తో రెండు గాళ్ళు గీసి ఉంటాయి, రైలు పట్టాల్లాగా, కాకపోతే లోపలికి. స్కీలు ఆ గాళ్ళలో పెట్టి పోతే పక్కకి పోవు. పట్టాలున్నాయి కదా ఇంక నేర్చుకోవడానికేముంది అనుకున్నా.

కోచ్ యాభై దాటిన ఆవిడ, సన్నగా, చెంపలు ఎర్రగా, టోపీ కింద నెరిసిన జడ. రాగానే మొదట చేసిన పని, అందరి కర్రలూ లాక్కుని కంచెకి ఆనించేసింది. కర్రలుంటే ముసలాళ్ళలా వాటి మీద వాలిపోతారు, కాళ్ళు నేర్చుకోవు అంది. తర్వాత ఒక స్కీ కూడా తీసేయమంది. ఒక కాలికి బూటు, ఒక కాలికి స్కీ, చిన్నప్పుడు ఒక కాలు స్కూటర్ మీద పెట్టి ఇంకో కాలుతో తన్నేవాళ్ళం చూడండి, అచ్చం అలాగ, గుండ్రంగా తిరగమంది. పావుగంట అదే. నాకైతే చిరాకేసింది, డబ్బులు కట్టింది దీనికా అని. కానీ ఇప్పుడు ఆలోచిస్తే మొత్తం కోర్స్‌లో బెస్ట్ పావుగంట అదే, ఎందుకో చెప్తా.

రెండో స్కీ కూడా పెట్టుకోగానే నా సమస్య మొదలైంది. ముందుకి తన్నితే కాలు వెనక్కి జారిపోతోంది. ట్రెడ్‌మిల్ మీద ఉన్నట్టు, ఒళ్ళంతా చెమటలు, ఉన్నచోటే ఉన్నా. పక్కన మా క్లాస్‌లోనే ఉన్న బ్రెజిల్ నర్సు ఒకావిడ చక్కగా పోతోంది. కోచ్ రెండుసార్లు చూసింది, బరువు మొత్తం ఒక కాలి మీద వెయ్యి అంది, వేశా, అయినా జారుతోంది, మూడోసారి వచ్చి నా స్కీ తీయించి చేతిలో పట్టుకుని రెండూ కలిపి నొక్కి చూసి, ఇవి ఎవరివి అంది. నావే అన్నా. కాదు, ఇవి ఎనభై కిలోల మగాడివి అంది.

క్లాస్ అయ్యాక క్లబ్ గది లోపలికి తీసుకెళ్ళి చెక్క నేల మీద చూపించింది, ఇది మాత్రం ప్రతి బిగినర్‌కీ తెలియాలి. స్కీని నేల మీద పెడితే మధ్యలో కొంచెం పైకి లేచి ఉంటుంది, విల్లులాగా వంపు. రెండు కాళ్ళ మీద సమానంగా నిలబడితే ఆ వంపు పూర్తిగా అణగదు, మధ్య భాగం నేలకి తగలదు, కింద కాగితం పెట్టి లాగితే వచ్చేస్తుంది. అప్పుడు స్కీ ముందు వెనక భాగాల మీద జారుతుంది. బరువంతా ఒక్క కాలి మీదకి తెస్తే విల్లు వంగి మధ్య భాగం నేలని కరుస్తుంది, కాగితం ఇరుక్కుపోతుంది. ఆ మధ్య భాగంలోనే పట్టు ఉంటుంది, పాత పద్ధతిలో అయితే అక్కడ మైనం రాస్తారు, నాలాంటి వాళ్ళ స్కీలకి అక్కడ మొహేర్ బొచ్చు పట్టీ అంటించి ఉంటుంది, ముందు నుంచి వెనక్కి నిమిరితే నున్నగా, వెనక నుంచి ముందుకి నిమిరితే గరుగ్గా, పిల్లి వీపులాగా. అంటే అదే స్కీ జారాలి, అదే స్కీ పట్టుకోవాలి, ఏది ఎప్పుడన్నది మన బరువు ఎక్కడుందో దాన్ని బట్టి. మొత్తం ఈ ఆట ఇంతే. నా అరవై రెండు కిలోలు ఎంత ఎగిరి తొక్కినా ఆ మగాడి స్కీల విల్లు వంగదు, కాగితం హాయిగా బయటికొచ్చేస్తోంది. ఒక స్కీ డ్రిల్ ఎందుకు చేయించిందో కూడా అప్పుడే వెలిగింది, రెండో కాలు లేకపోతే బరువు సగం సగం పంచే ఛాన్సే లేదు కదా.

నాకు కోపం ఎక్కడొచ్చిందంటే ఈ ఐదు నిమిషాల ముక్క ఆ మెయిల్‌లో రాసి ఉంటే సరిపోయేది. ఎత్తు కన్నా బరువు చూసి కొనండి, ఎన్ఎన్ఎన్ బూట్లు తీసుకోండి, మైనం తలనొప్పి వద్దనుకుంటే బొచ్చు పట్టీ స్కీలు తీసుకోండి. మూడు లైన్లు. నార్వేలో పుట్టినవాళ్ళకి ఇవన్నీ తల్లిపాలతో వచ్చేస్తాయి కాబట్టి రాయాలనే తట్టదు, బిగినర్ కోర్స్ పెట్టినప్పుడైనా తట్టాలిగా.

తర్వాత సామాన్లు బూఆ నుంచి తెచ్చుకున్నా. కొత్తగా వచ్చినవాళ్ళు ఇది తప్పకుండా తెలుసుకోండి, బూఆ అని నార్వే అంతటా ఉంది, ఆటల సామాన్లు ఫ్రీగా అరువిస్తారు, లైబ్రరీలో పుస్తకం లాగా. పిల్లల కోసం మొదలెట్టినా పెద్దవాళ్ళకీ ఇస్తారు, మా దగ్గర్లో ఉన్నదాంట్లో పెద్ద సైజులు తక్కువ, కాస్త ముందే వెళ్ళాలి. అక్కడ కుర్రాడు నా బరువు అడిగి, స్కీ నొక్కి చూసి ఇచ్చాడు. ఉచితంగా ఇచ్చే చోట అడిగిన ప్రశ్న 900 తీసుకున్న పెద్దమనిషి అడగలేదు. ఆ పాపంలో నాకూ సగం వాటా ఉంది లెండి, రంగు నచ్చి కొన్నా.

రెండో సాయంత్రం ఆ స్కీలతో వెళ్ళా. కోచ్ స్పార్క్, గ్లీ, స్పార్క్, గ్లీ అని అరుస్తూ పక్కన వస్తోంది, స్పార్క్ అంటే తన్ను, గ్లీ అంటే జారు. ఎడమ కాలు కిందకి నొక్కి తన్నా, కుడి కాలు మీద బరువు పడింది, ఒక్క క్షణం, రెండు క్షణాలు, ఏమీ చేయకుండా జారుతూ ఉన్నా. శబ్దం కూడా మారిపోయింది, అప్పటిదాకా టకటక, ఇప్పుడు పట్టు చీర కుచ్చిళ్ళు ఒరుసుకున్నట్టు సన్నగా స్‌స్‌స్. మళ్ళీ ఇంకో కాలు. ఒక ఇరవై మీటర్లు పోయానేమో, తర్వాత ఆలోచించడం మొదలెట్టి పడిపోయా. ఆ ఇరవై మీటర్ల కోసం 1,900 ఇవ్వొచ్చు, అబద్ధం కాదు.

పడటం గురించి. ఇది నిజంగా నేర్పించారు, క్రెడిట్ ఇవ్వాలి. జారుతున్నప్పుడు బ్యాలెన్స్ పోతే చేతులతో నేలని ఆపబోకు, పక్కకి కూర్చో, పిరుదుల మీద పడు అంటారు. లేవడం మాత్రం పెద్ద ప్రహసనం. స్కీలు ఒకదాని మీద ఒకటి మెలిపడి ఉంటాయి, మామూలుగా లేద్దామంటే కింద నుంచి అవే జారిపోతాయి. పద్ధతేంటంటే పూర్తిగా వెల్లకిలా తిరిగి కాళ్ళు రెండూ ఆకాశానికెత్తి స్కీలు విడదీసుకుని, బొద్దింక తిరగబడ్డట్టన్నమాట, అలాగే పక్కకి ఒరిగి స్కీలు వాలుకి అడ్డంగా పెట్టుకుని, మోకాళ్ళ మీదకొచ్చి, ఒక కాలు, తర్వాత రెండో కాలు. పదమూడు మంది పెద్ద మనుషులం వరసగా మంచు మీద పడుకుని కాళ్ళు గాల్లో ఊపుతుంటే పక్క ట్రాక్‌లో పోయే జనం చూస్తారు కానీ నవ్వరు, అది నార్వే మర్యాద. ఒక ఐదేళ్ళ పిల్లాడు మాత్రం ఆగి మరీ చూశాడు.

పదమూడు మంది అన్నా కదా, అది నా రెండో కంప్లైంట్. బుక్ చేసేటప్పుడు ఎనిమిది మందికి మించదు అని ఉంది. వచ్చింది పదమూడు, కోచ్ ఒక్కతే. అందులో నలుగురు ఈ దేశం వాళ్ళే, అసలు బిగినర్లు కాదు. తర్వాత అర్థమైంది, నార్వేవాళ్ళ లెక్కలో బిగినర్ అంటే స్కూల్ అయ్యాక స్కీలు ముట్టనివాళ్ళు. వాళ్ళు పది నిమిషాల్లో వార్మప్ అయిపోయి ఇంక మాకేం నేర్పుతారు అన్నట్టు నిలబడతారు, ఆవిడ వాళ్ళ కోసం స్పీడ్ పెంచుతుంది, మేము వెనక. ఇంగ్లీష్‌లో చెప్తామన్నారు, చెప్తుంది, ఐదు నిమిషాలయ్యేసరికి తెలీకుండానే నార్వేజియన్‌లోకి వెళ్ళిపోతుంది. నాకు భాష కొంచెం వచ్చు కాబట్టి నడిచింది, క్లాస్‌లో ఉన్న ఒక పీహెచ్‌డీ కుర్రాడు మాత్రం పాపం నేనేం చేస్తే అది చేశాడు, అందుకే నాలాగే పడ్డాడు.

ఇంక అసలు భయం, దిగుడు. చదునుగా ఉన్నచోట ఎవరైనా నాలుగు రోజుల్లో పడీ లేచీ నేర్చేసుకుంటారు, దానికి కోర్స్ అక్కర్లేదని నా అభిప్రాయం. కోర్స్ కావాల్సింది ఎక్కడానికీ దిగడానికీ. ఎక్కడం తేలికే, చేప ముల్లు అంటారు వీళ్ళు, ఫిస్కెబేన్, స్కీల ముందు కొసలు విడదీసి వెనక కొసలు దగ్గర పెట్టి లోపలి అంచుల మీద బాతులా ఎక్కడం, వెనక్కి తిరిగి చూస్తే మంచు మీద నిజంగానే చేప ముల్లు గీసినట్టు గుర్తులు. దిగడానికి దాన్ని తిరగేసి పెట్టాలి, ముందు కొసలు దగ్గర, వెనకవి దూరం. దాన్ని ప్లూగ్ అంటారు, నాగలి అని అర్థం. కోచ్ చేతులతో ఆ ఆకారం చూపించి, మీ దేశంలో ఇది ఉంటుందా అనడిగింది. ఉంటుందా ఏంటి తల్లీ, మా తాతది ఇంకా చూరుకి వేలాడుతోంది. నాగలి ఎంత లోతుకి దిగితే ఎడ్లు అంత మెల్లగా లాగుతాయి కదా, ఇదీ అంతే, మడమలు బయటికి తోసి లోపలి అంచులు నొక్కితే మంచుని దున్నుకుంటూ స్పీడ్ తగ్గుతుంది. నాకు అది అలా బుర్రకెక్కింది, తొడలకి ఎక్కడానికి ఇంకో రెండు వారాలు పట్టింది.

లిఫ్ట్ ఎక్కి కొండ దిగే ఆ స్కీలైతే మడమ బిగించి ఉంటుంది, అంచులకి ఇనుముంటుంది, ఆపడం సులువు. వీటికి మడమ వదులు, ఇనప అంచు లేదు, వెడల్పు నాలుగు వేళ్ళు కూడా లేదు. అందుకే చిన్న దిగుడు కూడా మేడ మీంచి చూస్తున్నట్టుంటుంది. మూడో సాయంత్రం మైనస్ పదకొండు, పగలు కాస్త కరిగి మళ్ళీ గడ్డకట్టిన మంచు, కొత్త మంచైతే మైదా పిండిలా మెత్తగా ఉంటుంది, ఇదేమో కళ్ళుప్పు చల్లిన గాజు. ట్రాక్ గాళ్ళలో ఉండగా దిగుడొచ్చింది. గాళ్ళలో ఉంటే నాగలి వేయలేం, కాళ్ళు రెండూ పట్టాల మీదే కదా, స్పీడ్ పెరుగుతోంది, నాకు నోట మాట రాలేదు. వెనక నుంచి ఎవరో లొయిపె, లొయిపె అని అరుస్తున్నారు, నన్నే తిడుతున్నారనుకున్నా, దారి అని అర్థమట, తప్పుకోమని. ఎలా తప్పుకుంటా? కూర్చున్నా. నడుం సంగతి చెప్తా అన్నానుగా, అదే. తోక ఎముక మీద సూటిగా. పది రోజులు ఆఫీస్‌లో మీటింగులన్నీ నిలబడి చేశా, అడిగినవాళ్ళకి స్కీ అని చెప్తే ఆరేళ్ళలో మొదటిసారి మా టీమ్ వాళ్ళు నన్ను గౌరవంగా చూశారు. ఒకాయన ఏటా బిర్కెబైనర్ రేసుకి వెళ్తాడు, రేనా నుంచి లిల్లెహమ్మర్ దాకా 54 కిమీ, వీపు మీద కనీసం మూడున్నర కిలోల సంచితో. 1206లో అంతర్యుద్ధం టైంలో ఇద్దరు యోధులు రాకుమారుణ్ణి, పసివాణ్ణి, మంచు కొండల మీదుగా స్కీల మీద మోసుకెళ్ళి కాపాడారు, ఆ పసివాడి గుర్తుగా ఆ సంచి. ఆయన నా తోక ఎముక గురించి పావుగంట శ్రద్ధగా విన్నాడు.

ఆ రోజు పడ్డాక కోచ్ మిగతా క్లాసంతా ఆపి అదే దిగుడు మీద చూపించింది, ఒక స్కీ గాడిలోనే ఉంచి రెండోది బయటికి తీసి దాంతో సగం నాగలి వేయాలి, హాల్వ్‌ప్లూగ్. ఒక కాలు పట్టాల మీద, ఒక కాలు బ్రేక్. అందర్నీ ఆరేడుసార్లు దింపింది. నేను భయపడుతుంటే ముందు తను వెనక్కి తిరిగి, నా వైపు మొహం పెట్టి, రివర్స్‌లో నాగలి వేసుకుంటూ దిగింది నాతోపాటు, మాట్లాడుతూనే. కళ్ళు కింద మంచు మీద కాదు దూరం చూడు, మోకాళ్ళు వంచు, ఊపిరి వదులు, నువ్వు ఊపిరి బిగబట్టావ్, నాకు వినపడట్లేదు అంది. పదమూడు మందిలో ఒకరి ఊపిరి సంగతి పట్టించుకున్న మనిషి. అందుకే ఈవిడ దగ్గరికే మళ్ళీ వెళ్తా అంటున్నా.

నాలుగో సాయంత్రం జరగలేదు. వాన. ఓస్లోలో శీతాకాలం మధ్యలో వాన పడుతుంది, మైనస్ పది నుంచి ప్లస్ మూడుకి వచ్చేస్తుంది, మంచంతా గంజిలా అయిపోతుంది, అది వాళ్ళ తప్పు కాదు. క్లాస్‌కి నలభై నిమిషాల ముందు ఎస్ఎంఎస్ పెట్టడం మాత్రం వాళ్ళ తప్పే, అప్పటికి నేను స్కీలు భుజాన వేసుకుని మెట్రోలో ఉన్నా. వాన సూచన పొద్దున్నుంచే ఉంది. ఇంకో డేట్ ఇచ్చారు, మూడు వారాల తర్వాత బుధవారం, నాకు ఆరోజు ఆఫీసులో రిలీజ్ పని, కుదరదన్నా, అయితే సారీ రిఫండ్ లేదు అన్నారు. రెండుసార్లు మెయిల్ పెట్టా, జవాబులో స్మైలీ ఉంది, డబ్బులు లేవు.

మెట్రో అంటే గుర్తొచ్చింది, ఈ ఊళ్ళో నాకు బాగా నచ్చేది ఇదే, మామూలు మెట్రో ఎక్కి స్కీలు పట్టుకుని చివరి స్టేషన్‌లో దిగితే ఎదురుగా అడవి, నూర్‌మార్కా. కారు అక్కర్లేదు, ట్రాక్‌కి టికెట్ లేదు. ఒకటో లైన్ కొండ మీది చివరి స్టేషన్ ఫ్రోంగ్నెర్‌సెతెరెన్ దాకా పైకి ఎక్కుతుంది, స్కీ జంప్ ఉన్న హోల్మెన్‌కొల్లెన్ మీదుగా. 1973 డిసెంబర్‌లో చమురు కొరతొచ్చి వీకెండ్‌లో కార్లు నిషేధించినప్పుడు ఇక్కడి రాజు, ఐదో ఓలావ్, అందరిలాగే స్కీలు పట్టుకుని ఆ లైన్‌లోనే రైలెక్కి టికెట్‌కి డబ్బులు తీసి ఇవ్వబోయాడు, ఆ ఫొటో ఇక్కడ అందరికీ తెలుసు. నేను స్కీలతో డోర్ దగ్గర ఇరుక్కుని నలుగురికి తగిలించినప్పుడల్లా ఆయన్ని తలుచుకుంటా.

బిగినర్లకి నా సలహా మాత్రం ఫ్రోంగ్నెర్‌సెతెరెన్‌తో మొదలెట్టొద్దు, అక్కడ పైనుంచి మొదలవుతుంది కాబట్టి దిగుళ్ళు ముందే వచ్చేస్తాయి. సోంగ్న్స్‌వాన్ చివరి స్టేషన్‌లో దిగండి, చెరువు పక్కనుంచి ఉల్లెవోల్‌సెతెర్ దాకా ఐదారు కిలోమీటర్లు, పోయేటప్పుడు మెల్లగా ఎక్కుడు, అలసిపోతే ఎక్కడైనా వెనక్కి తిరగొచ్చు. పైన పాత కొండ ఇల్లులాంటి కెఫే, బన్నులూ వాఫుల్సూ దొరుకుతాయి. అక్కడ గోధుమరంగు చీజ్ వేసిన వాఫుల్ తినండి, బ్రూనోస్త్, మొదటిసారి తిన్నప్పుడు నాకు మా ఊరి బెల్లంలో ఎవరో ఉప్పేసినట్టుంది, ఇప్పుడు అదే కావాలనిపిస్తుంది. వచ్చేటప్పుడు దిగుడు, జాగ్రత్త, ఆదివారం మధ్యాహ్నం అయితే తిరునాళ్ళ రద్దీ, కుక్కలు, పసిపిల్లల్ని కూర్చోబెట్టి లాగే బళ్ళు, డెబ్భై ఏళ్ళ ముసలమ్మలు మనల్ని దాటుకుని రయ్యిమని పోతారు. పడితే ముందు ట్రాక్ గాళ్ళలోంచి పక్కకి దొర్లండి, తర్వాత ఏడవండి. బూట్లతో గాళ్ళలో నడవొద్దు, అది ఇక్కడ అన్నిటికన్నా పెద్ద పాపం, ముగ్గు తొక్కినట్టు చూస్తారు.

బట్టల గురించి ఒక్క మాట, లోపల ఉన్ని వేసుకోండి, కాటన్ బనీన్ వద్దు. నేను మొదటి రోజు ఇంట్లో వేసుకునే కాటన్ టీషర్ట్, దానిమీద ఎవరెస్ట్ ఎక్కేంత జాకెట్ వేసుకెళ్ళా, పది నిమిషాల్లో చెమటతో తడిసి, ఆగిన ప్రతిసారీ ఆ తడి ఐస్‌లా. ఇదంతా ఒంట్లో వేడి పుట్టించే పని, బయల్దేరినప్పుడు కాస్త చలేయాలి, అదే కరెక్ట్ లెక్క.

ఇంతకీ కోర్స్‌కి మార్కులంటే, కోచ్‌కి ఐదుకి ఐదు, నడిపే ఆఫీసుకి రెండు, మొత్తం మీద మూడున్నర వేస్తా. చదునులో నడవడం మాత్రమే నేర్చుకోవాలంటే ఎవరన్నా ఫ్రెండ్‌ని బతిమాలుకోండి, కాఫీ ఖర్చుతో అయిపోతుంది. దిగుడంటే భయం ఉన్నవాళ్ళు మాత్రం కోర్స్‌లోనే చేరండి, భర్తల దగ్గర ఫ్రెండ్స్ దగ్గర నేర్చుకోవద్దు, మా ఆయన చెప్పిన టిప్ ఏంటంటే రిలాక్స్ అవ్వు అని. చేరేముందు మూడు అడగండి, గ్రూప్‌లో ఎంతమంది ఉంటారు, వాన పడితే డబ్బులేంటి, మొదటి రోజే స్కీలు చెక్ చేస్తారా. మూడోదానికి తడబడితే వేరే చోటు చూసుకోండి.

స్కీ డేకి వెళ్ళా ఈసారి. హాట్ చాక్లెట్ టేబుల్ దగ్గర కాదు, చిన్న గుట్ట దగ్గర, పడ్డ పిల్లల్ని లేపే డ్యూటీ. పిల్లలు పడితే నేను అక్కడికి చేరేలోపు వాళ్ళే లేచిపోతున్నారు, అది వేరే విషయం. చివర్లో మా అమ్మాయి, దా అమ్మా నువ్వూ దిగు అంది. దిగా. నాగలి వేసి, మోకాళ్ళు వంచి, బయటికి వినపడేలా ఊపిరి వదులుతూ, నత్త కూడా దాటేసేంత మెల్లగా, కానీ నిలబడే కిందకొచ్చా. అది అప్పటికే కింద నిలబడి నా బ్యాగులోంచి క్విక్ లున్ష్ తీసి తినేస్తోంది, ఇక్కడ స్కీకి వెళ్ళే ప్రతివాళ్ళ దగ్గరా ఉండే చాక్లెట్ అది, నాలుగు పుల్లలుంటాయి. నాకు ఒక్కటి మిగిల్చింది.